పెరట్లో ఇంకో ఇల్లు: చక్రాల మీదా, పునాది మీదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే ఈసారి వాటికే జవాబులు. ఫ్యాక్టరీలో తయారై రోడ్డు మీద వచ్చే ఇల్లు కొనాలని అందరి ఆలోచన. అందులో ఒక రకం చక్రాలతోనే వస్తుంది, ట్రక్కుకి తగిలించి మళ్లీ ఇంకో చోటికి లాక్కుపోవచ్చు, దాన్నే టైనీ హోమ్ అంటున్నారు. రెండోది ప్రీఫ్యాబ్, లారీ మీద తెచ్చి క్రేన్‌తో పునాది మీద దించి బిగించేస్తారు, ఇక అది అక్కడే. శాన్ హోసే ఉత్తరానికి జవాబు చాలా పొడుగ్గా ఉంటుందని ముందే చెప్తున్నా. మిగతా వాళ్లకి పనికొచ్చేవి కూడా సగం అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటాం. సొంత ఇల్లే, వెనక పెరడు బాగానే ఉంది. అత్తయ్య, మామయ్య గుంటూరు నుంచి ఏడాది విడిచి ఏడాది వచ్చి ఆర్నెల్లు ఉంటారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మా పడకగదులేమో అన్నీ మేడ మీదే. పెరట్లో వాళ్ల కోసం చిన్న ఇల్లు పెడదామనుకుంటున్నాం. చక్రాల టైనీ హోమ్ 90 వేల డాలర్లు చెప్పారు. 500 చదరపు అడుగుల ప్రీఫ్యాబ్ అయితే అన్నీ కలిపి 3 లక్షలు దాటుతోంది. మేమింకా హెచ్-1బీ మీదే ఉన్నాం, రేపు ఉద్యోగం పోయి వేరే రాష్ట్రం వెళ్లాల్సి వస్తే చక్రాల ఇల్లయితే వెంట తీసుకుపోవచ్చు కదా అని మా ఆయన అంటారు. ఏది తీసుకోమంటారు?

ధర సంగతి తర్వాత చూద్దామండీ, ముందు మీ అత్తయ్యగారి మోకాళ్ల దగ్గర మొదలుపెడతాను. అమెరికా రోడ్ల మీద ప్రత్యేక పర్మిట్ లేకుండా లాగాలంటే బండి వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు. టైనీ హోములన్నీ అంత సన్నగా ఉండటానికి కారణం ఇదే, గోడల మందం తీసేస్తే లోపల ఏడున్నర అడుగులు మిగులుతుంది. అందులో వంటగట్టు, బాత్‌రూమ్, సోఫా సర్దేసరికి మంచానికి చోటుండదు కాబట్టి పడక తీసుకెళ్లి అటక మీద పెడతారు, నిచ్చెనెక్కి పైకి పాకాలి, అక్కడ కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. మేడమెట్లు ఎక్కలేని మనిషి కోసం నిచ్చెన ఉన్న ఇల్లు కొంటే ఏం లాభం? కింద పడకగది ఉన్న మోడళ్లూ దొరుకుతాయి, కాదనను, కానీ అవి 30 అడుగుల పొడవుకి అటూఇటూ ఉంటాయి, మీకు చెప్పిన ధరకి రావడం కష్టం.

ఇంకో సంగతి బ్రోచర్ ఫొటోల్లో కనపడదు. ట్రైలర్ మీద ఇల్లు కాబట్టి లోపలి నేల భూమికి రెండడుగుల ఎత్తున ఉంటుంది. వీల్‌చెయిర్‌కి గానీ కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి గానీ వాలు కట్టాలంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క, అంటే 24 అడుగుల ర్యాంప్. ఇంటి పొడవంత ర్యాంప్ అన్నమాట! అయితే ప్రీఫ్యాబ్‌కి ఈ బాధ లేదనుకోకండి. ఈ ఇళ్లని చాలావరకు కింద మనిషి పాకే ఖాళీ వదిలి దించుతారు కాబట్టి వాటికీ మూడు నాలుగు మెట్లు వస్తాయి. పునాది గుంటని కాస్త లోతుగా తవ్వి గడప నేలమట్టానికి దగ్గరగా వచ్చేలా చేయమని ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి. అప్పుడైతే అది డ్రాయింగ్‌లో గీత మార్చడం, తర్వాతైతే చాలా డబ్బు. బాత్‌రూమ్ తలుపు 32 అంగుళాలకి తగ్గకుండా, షవర్‌కి గట్టు లేకుండా, గోడలో పట్టుకునే కమ్మీ బిగించడానికి వెనక చెక్క ఉండేలా కూడా అప్పుడే రాయించుకోండి.

ఇక అసలు విషయం, పర్మిషన్. ఇంటి స్థలంలో రెండో చిన్న ఇల్లు కట్టుకోవడాన్ని కాలిఫోర్నియా చట్టం బాగా సులువు చేసింది, దాన్ని ఏడీయూ అంటారు, ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. పక్క, వెనక హద్దులకి నాలుగడుగులు వదిలితే 800 చదరపు అడుగుల వరకు, 16 అడుగుల ఎత్తు వరకు విడి ఇంటిని నగరం కాదనడానికి వీల్లేదు. దరఖాస్తు సక్రమంగా ఉంటే 60 రోజుల్లో తేల్చాలి. 750 చదరపు అడుగుల లోపయితే ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త ఇంటి వల్ల ఊరి రోడ్లు, పార్కుల మీద పడే భారానికి కట్టించుకునేవి, కూడా లేవు. ముందే ఆమోదించిన ప్లాన్‌లని ప్రతి నగరం సిద్ధంగా ఉంచాలని 2025 జనవరి 1 నుంచి ఇంకో నిబంధన వచ్చింది. శాన్ హోసే అంతకు ముందునుంచే ఆ పని చేస్తోంది, ఆ జాబితాలో ప్రీఫ్యాబ్ వాళ్లూ ఉన్నారు, మీ కంపెనీ అందులో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

చక్రాల ఇంటికి ఇంత రక్షణ లేదు. రాష్ట్ర చట్టం గట్టిగా నిలబడేది పునాది మీద ఉన్న ఇంటికే, చక్రాల మీద ఉన్నదాని సంగతి ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకుంటుంది. ఫ్రెస్నో 2016లో, లాస్ ఏంజెలెస్ 2019 చివర్లో, మీ శాన్ హోసే 2020లో ఒప్పుకున్నాయి కాబట్టి మీరు అదృష్టవంతులే, పక్కనున్న ఊళ్లలో అయితే అదే ఇంటిని పార్క్ చేసిన ఆర్‌వీ (లోపలే పడక, వంట ఉండే విహారబండి) కింద లెక్కేసి అందులో పడుకోకూడదని నోటీసిచ్చే వీలుంది. ఒప్పుకున్న చోట కూడా ఊరికే తెచ్చి గడ్డి మీద నిలబెడితే కుదరదు. వాహనాల శాఖ డీఎంవీలో రిజిస్టర్ చేయించాలి, ఆర్‌వీ ప్రమాణాల ప్రకారం తయారైనట్టు సర్టిఫికెట్ ఉండాలి, చక్రాలు కనపడకుండా చుట్టూ మూయాలి, కింద గట్టి నేల ఉండాలి, నీళ్లు, కరెంటు, డ్రైనేజీ పద్ధతి ప్రకారం కలపాలి.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. 90 వేలకీ 3 లక్షలకీ మధ్య తేడా చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. మీ ఇంటి నుంచి పెరడు చివరిదాకా డ్రైనేజీ పైపుకి కాలువ తవ్వాలి, ఆ పైపుకి అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు దొరకాలి, పెరడు ఇంటి కంటే పల్లంలో ఉంటే పంపు పెట్టాలి. కరెంటు ప్యానెల్ పాత 100 ఆంపియర్లదైతే పెద్దది చేయించాలి, కరెంటు కంపెనీ వాళ్లు వచ్చేదాకా నెలలు పట్టొచ్చు. ఈ తవ్వకాలూ కలపడాలూ పైన ఏ ఇల్లు పెట్టినా తప్పవు. ప్రీఫ్యాబ్ వాళ్లు చెప్పిన 3 లక్షల్లో ఇవన్నీ కలిసి ఉన్నాయి, టైనీ హోమ్ వాళ్లు చెప్పిన 90 వేలు వాళ్ల గేటు దగ్గరి ధర. పక్కపక్కన పెట్టి చూడాల్సింది పెట్టెల ధరలు కాదు, అత్తయ్యగారు కుళాయి తిప్పితే నీళ్లొచ్చి, ఆ నీళ్లు సక్రమంగా బయటికి పోయే రోజు వరకు అయ్యే మొత్తం ఖర్చు. అప్పుడు కూడా చక్రాలదే చవక, అందులో అనుమానం లేదు, కానీ మీరనుకున్నంత దూరం ఉండదు.

మీవారి మాటకి వద్దాం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలనే టెన్షన్ హెచ్-1బీ మీద ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆయన ఊహించినట్టు ఇల్లు వెంట రావడం అంత సులువు కాదండీ. నిండుగా ఉన్న 24 అడుగుల టైనీ హోమ్ 10 వేల పౌండ్లు దాటడం మామూలే, మీ ఎస్‌యూవీ దాన్ని కదిలించలేదు, పెద్ద పికప్ ట్రక్కు కావాలి. కాలిఫోర్నియాలో 10 వేల పౌండ్లు దాటిన ట్రావెల్ ట్రైలర్‌ని లాగడానికి మామూలు క్లాస్ సీ లైసెన్సు చాలదు, నాన్ కమర్షియల్ క్లాస్ ఏ తీసుకోవాలి. లేదా డబ్బిచ్చి లాగించుకోవాలి. సరే, లాగించారు. ఎక్కడికి? కొత్త ఊళ్లో మీరు ముందు ఉండేది అద్దె అపార్ట్‌మెంట్లో, దాని పార్కింగ్‌లో ఇల్లు పెట్టనివ్వరు. ఆర్‌వీ పార్కులో పెడదామంటే నెలనెలా అద్దె కట్టాలి, పదేళ్లు దాటిన బండిని రానివ్వని పార్కులు చాలా ఉన్నాయి. అసలు ఆ సమయానికి మీకు కావలసింది మీ పెద్దింటి సంగతి తేల్చుకోవడం, అమ్మాలా అద్దెకివ్వాలా అని. అద్దెకిచ్చే పక్షంలో పెరట్లో పర్మిట్‌తో కట్టిన ఇల్లుంటే అది విడిగా అద్దె తెస్తుంది, అమ్మితే అప్రైజల్‌లో, అంటే ఇంటి విలువ కట్టేటప్పుడు, లెక్కకొస్తుంది. (30 రోజుల కంటే తక్కువకి, అంటే హోటల్ గదిలాగా, ఇవ్వనివ్వరు, అది గుర్తుంచుకోండి.) చక్రాల ఇల్లు బండి లెక్కన ఏటేటా విలువ తగ్గుతూ పోతుంది.

అప్పు విషయంలోనూ ఇదే తేడా. పునాది ఇంటికి మీ ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలో బ్యాంకు బాకీ పోగా మిగిలిన మీ వాటా) మీద అప్పు దొరుకుతుంది. టైనీ హోమ్‌కి దొరికేది ఆర్‌వీ లోన్ లేదా పర్సనల్ లోన్, వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. పన్ను సంగతి తిరగబడి ఉంటుంది. పునాది ఇల్లు కడితే మీ పాత ఇంటి విలువని మళ్లీ లెక్కించరు గానీ కొత్తదాని విలువ మాత్రం ప్రాపర్టీ ట్యాక్స్‌లో కలుస్తుంది, 3 లక్షల మీద ఏడాదికి 3 వేల డాలర్ల పైన వేసుకోండి. చక్రాలదానికి వాహనం ఫీజు, విలువ మీద 0.65 శాతం, అదీ ఏటేటా తగ్గుతుంది.

ఇంక వంట. ఇది ఇంజినీర్ల లెక్కల్లో ఉండదు. 200 చదరపు అడుగుల్లో తాలింపు వేస్తే ఆ ఘాటు దుప్పట్లలోకి, దిండ్లలోకి పోతుంది, మామయ్యగారు రాత్రంతా దగ్గుతారు. పొగని బయటికి పంపే ఫ్యాన్ ఉండాలి, ఫిల్టర్ పెట్టి అదే గాలిని గదిలోకి తిప్పి వదిలేది కాదు. ఏ ఇల్లు తీసుకున్నా ఈ ఒక్కటి మాత్రం రాజీ పడొద్దు.

ప్రీఫ్యాబ్ తీసుకుంటే చూసుకోవాల్సినవీ చెప్పాలి, లేకపోతే అమ్మేవాళ్ల పక్షాన మాట్లాడినట్టుంటుంది. ఫ్యాక్టరీలో తయారైన ఇంటికి రాష్ట్ర హౌసింగ్ శాఖ ముద్ర ఉంటుంది కాబట్టి గోడల లోపల ఏముందో మీ నగరం ఇన్‌స్పెక్టర్ మళ్లీ తవ్వి చూడడు, పునాది, కనెక్షన్లు చూసి వెళ్తాడు. అది మంచిదే, పని త్వరగా అవుతుంది. కానీ ఇల్లు మీ వీధిలోకి రావాలి. 12, 14 అడుగుల వెడల్పు మాడ్యూల్‌తో (ఫ్యాక్టరీలో కట్టిన ఇంటి ముక్కతో) లారీ మీ మలుపు తిరగగలదా, క్రేన్ నిలబడే చోట పైన కరెంటు తీగలున్నాయా, పక్కింటి చెట్టు కొమ్మ అడ్డమా, ఒకరోజు వీధి మూయడానికి పర్మిట్ ఎవరు తెస్తారు? వీటికి జవాబులు కాగితం మీద రాసిస్తేనే సంతకం పెట్టండి. ఇంకొకటి, డబ్బు. ఈ వ్యాపారంలో డిపాజిట్లు కట్టించుకుని, ఇల్లు ఇవ్వకుండానే మూతపడ్డ కంపెనీలు ఈ మధ్యనే ఉన్నాయి. మీ స్థలంలో పనిచేసే కాంట్రాక్టరు మొదటి అడ్వాన్సుగా 1000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదని కాలిఫోర్నియాలో నిబంధన. లైసెన్సు నంబరు రాష్ట్ర బోర్డు సైట్‌లో కొట్టి చూడండి. 40 శాతం ముందే కట్టమనేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

నా సలహా ఏమిటంటారా? ఈ రెండింట్లో ఒకటే అంటే పునాది ఇల్లు. కానీ మీరు అడగని మూడోదాని గురించి కూడా చెప్తాను. రెండేళ్లలో ఆర్నెల్లు వాడుకునే ఇంటికి 3 లక్షలు, అదీ గ్రీన్‌కార్డ్ ఇంకా చేతికి రాకముందు, నాకు ఎక్కువనిపిస్తోంది. మీ గరాజ్‌ని, లేదా కింది అంతస్తులో ఒక గదిని, బాత్‌రూమ్‌తో సహా వాళ్లకి ఉండేలా మార్చుకోవచ్చు. ఇంటి గోడల లోపలే 500 చదరపు అడుగుల వరకు చిన్న ఏడీయూ చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ఖర్చు బాగా తగ్గుతుంది, మోకాళ్లకి మెట్లుండవు. జనవరిలో వాన పడుతుంటే రాత్రి పదింటికి మనవడి గదిలోంచి పెరట్లోకి గొడుగేసుకుని నడవాల్సిన పనీ ఉండదు. వాళ్లని ఒక్కసారి అడిగారా? విడి ఇల్లు మనకి ప్రైవసీలా కనిపిస్తుంది, గుంటూరు నుంచి పిల్లల కోసం వచ్చినవాళ్లకి దూరం పెట్టినట్టూ అనిపించొచ్చు. ముందు వాళ్ల మాట వినండి, డిజైనర్‌ని తర్వాత పిలవండి.

ప్రశ్న: మాది టెక్సస్, డాలస్ దగ్గర కొత్త కమ్యూనిటీ. కాలిఫోర్నియాలో ఎవరి పెరట్లో చూసినా రెండో ఇల్లు కడుతున్నారు. ఇక్కడా టైనీ హోమ్ తెచ్చి వెనక పెట్టుకోవచ్చా? హెచ్‌ఓఏ ఉంది.

హెచ్‌ఓఏ, అంటే కాలనీకి నిబంధనలు పెట్టే ఇళ్ల యజమానుల సంఘం, ఉంది అని చివర్లో మెల్లగా రాశారు గానీ మొత్తం జవాబు అందులోనే ఉంది. ఏడీయూలని హెచ్‌ఓఏలు నిషేధించకూడదని కాలిఫోర్నియా చట్టం చేసుకుంది, టెక్సస్‌లో అలాంటిది లేదు. మీరు ఇల్లు కొన్న రోజున సంతకాలు పెట్టిన కట్టల్లో డీడ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటాయి, ఎవరూ చదవరు, అవి తీయండి. ట్రైలర్లు, ఆర్‌వీలు కనపడేలా నిలపకూడదనీ, ఒక లాట్‌లో ఒకే ఇల్లనీ అందులో రాసి ఉండే అవకాశమే ఎక్కువ. జోనింగే లేని హ్యూస్టన్‌లో కూడా ఈ డీడ్ నిబంధనలు పనిచేస్తాయి.

ఊరవతల సొంత ఎకరం ఉంటే మాత్రం కథ వేరు, అక్కడ మీకు స్వేచ్ఛ ఎక్కువ. పశ్చిమ టెక్సస్‌లో స్పర్ అనే చిన్న ఊరు 2014లో టైనీ ఇళ్లవాళ్లని రమ్మని పిలిచింది కూడా, జనం వెళ్లిపోయి ఊరు ఖాళీ అవుతుంటే. కానీ అక్కడినుంచి మీ ఆఫీసుకి రోజూ ఎలా వెళ్తారో నాకు చెప్పకండి.

ఎకరం కొని ప్రీఫ్యాబ్ పెట్టే ఆలోచన ఉంటే ఒక్క తేడా గుర్తుంచుకోండి. అమెరికా కేంద్ర హౌసింగ్ శాఖ వాళ్ల హడ్ కోడ్ ప్రకారం, అంటే 1976 జూన్ 15 నుంచి అమల్లో ఉన్నదాని ప్రకారం, తయారయ్యేవి మాన్యుఫాక్చర్డ్ ఇళ్లు. ఇంటి కింద ఉక్కు ఛాసిస్ ఉంటుంది, బయట ఎర్ర లేబుల్ ఉంటుంది. మామూలు ఇళ్ల కోడ్ ప్రకారం ఫ్యాక్టరీలో కట్టేవి మాడ్యులర్ ఇళ్లు. పక్కపక్కన నిలబెడితే మీ కంటికి రెండూ ఒకటే, బ్యాంకుకీ రేపు కొనేవాళ్లకీ కాదు. మొదటిదాన్ని భూమితో పాటు స్థిరాస్తిగా నమోదు చేయించకపోతే అది చరాస్తి కిందే ఉండిపోతుంది, అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. సేల్స్‌మ్యాన్ రెండు పేర్లనీ కలిపేసి మాట్లాడితే లేబుల్ ఎక్కడుందో చూపించమనండి.

ప్రశ్న: రిటైరయ్యాను సార్. షాద్‌నగర్ దగ్గర 20 గుంటల వ్యవసాయ భూమి ఉంది. శని ఆదివారాలు వెళ్లి ఉండటానికి కంటైనర్ ఇల్లు పెడదామనుకుంటే అమ్మే అతను "చక్రాల మీద తీసుకోండి, బండి కిందికొస్తుంది, ఏ పర్మిషన్ అక్కర్లేదు, రేపు పొలం అమ్మినా ఇల్లు మీ వెంటే" అంటున్నాడు. మా అబ్బాయి మాత్రం పద్ధతిగా ప్రీఫ్యాబ్ రెండు గదులు వేయించమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

అబ్బాయి మాట. అమ్మే అతను చెప్పినదాంట్లో రెండు అబద్ధాలున్నాయి సార్.

బండి కిందికొస్తే పర్మిషన్ అక్కర్లేదన్నది మొదటిది. బండి కిందికొస్తే ఆర్టీఓ కిందికొస్తుంది. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి, దానికి ఆమోదం పొందిన తయారీ కావాలి. వెల్డింగ్ షాపులో ఇనప ఛానెళ్లకి లారీ చక్రాలు తగిలించి ఇచ్చినదానికి ఆ కాగితాలు ఎక్కడివి? ఆర్‌సీ చూపించమని అడగండి, మాట మార్చేస్తాడు. పోనీ రోడ్డెక్కించను, పొలంలోనే ఉంచుతాను అంటారా? అప్పుడది బండెలా అవుతుంది? కరెంటు మీటరు పెట్టి, సెప్టిక్ ట్యాంకు తవ్వి, మనుషులు పడుకుంటుంటే పంచాయతీ కార్యదర్శి దాన్ని ఇల్లనే అంటాడు. వ్యవసాయ భూమిని వేరే అవసరానికి వాడాలంటే 2006 నాటి చట్టం ప్రకారం నాలా కన్వర్షన్ చేయించుకోవాలి, ఇల్లు పెట్టే మేరకు ఎన్ని గుంటలకి చేయించాలో తహసీల్దార్ ఆఫీసులో మాట్లాడండి. తర్వాత మీ ఊరు హెచ్‌ఎండీఏ పరిధిలో ఉందా లేదా చూసి దాన్ని బట్టి ప్లాన్ పర్మిషన్. చక్రాలుంటే ఈ తతంగం తప్పుతుందని రాసిపెట్టిన చట్టమేదీ లేదు.

చెరువు దగ్గర భూమైతే ఇంకా జాగ్రత్త. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మేర), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్ హద్దులు చూసుకోకుండా ఏదీ పెట్టొద్దు, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా 2024లో వచ్చాక నగరం చుట్టూ ఏం జరిగిందో మీరు పేపర్లో చదివే ఉంటారు. మొయినాబాద్, శంషాబాద్ వైపు ఉన్న పాఠకులకి జంట జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలకి హద్దులు పెడుతూ 1996లో తెచ్చిన 111 జీవో తలనొప్పి అదనం.

రెండో అబద్ధం, ఇల్లు మీ వెంటే అన్నది. 20 అడుగుల కంటైనర్ ఖాళీగానే రెండు టన్నులు దాటుతుంది, లోపల టైల్స్, ప్లైవుడ్, బాత్‌రూమ్ వేశాక ఇంకా పెరుగుతుంది. దాన్ని కదపాలంటే చక్రాలున్నా లేకపోయినా క్రేనో ట్రాక్టరో రావాలి. వానాకాలంలో నల్లరేగడిలో దిగబడితే అక్కడే ఉంటుంది. అసలు కంటైనర్‌ని కావలసినప్పుడు ఎత్తి లారీ మీద పెట్టొచ్చు, ఓడల్లో జరిగేది అదేగా, దానికి చక్రాలెందుకు? ఆ ముసుగు ఎందుకంటే పర్మిషన్ గురించి మీరు అడగకుండా ఉండటానికి.

ఇప్పుడు ఎండ. కంటైనర్ గోడ రెండు మిల్లీమీటర్ల ఉక్కు, మే నెలలో మధ్యాహ్నం లోపల అడుగుపెడితే పెనం మీద నిలబడ్డట్టే. చల్లగా ఉండాలంటే లోపల 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేయాలి, అది రెండు వైపులా వేసి పైన బోర్డు కొట్టేసరికి ఏడడుగుల ఎనిమిది అంగుళాల లోపలి వెడల్పు ఏడుంపావు అడుగులకి వస్తుంది, మంచం అడ్డంగా వేస్తే నడవడానికి దారి ఉండదు. మీ అబ్బాయి చెప్పిన ప్రీఫ్యాబ్‌లో గోడలే పఫ్ ప్యానెళ్లు, మధ్యలో నురగ, రెండు వైపులా రేకు, కాబట్టి ఇన్సులేషన్ గోడలోనే ఉంది, గది 10 అడుగులైనా 12 అడుగులైనా మీ ఇష్టం. ఏది పెట్టినా పైన ఇంకో రేకుల కప్పు వేసి మధ్యలో అడుగున్నర గాలి ఆడేలా వదలండి, ఏసీ కంటే ముందు అది చేయండి. పడమటి వైపు కిటికీలు పెట్టకండి. ఒక చెట్టు ఉంటే దాని తూర్పు పక్కకి ఇల్లు జరపండి, సాయంత్రం ఎండ చెట్టు మీద పడుతుంది.

పఫ్ ప్యానెల్‌కి ఉన్న శత్రువుల్ని ఏ సేల్స్‌మ్యానూ చెప్పడు, ఎలుకలు. వారంలో ఐదు రోజులు ఖాళీగా ఉండే ఇంట్లో ప్యానెల్ చివర్లు తెరిచి ఉంటే నురగని తవ్వి కాపురం పెడతాయి. చివర్లన్నీ రేకు పట్టీతో మూయించండి, పునాది గట్టు నేలకి అడుగున్నర పైన ఉండాలి. కోతులు ఉన్న ఊరైతే పైన సింటెక్స్ ట్యాంకు మూత గొలుసుతో కట్టుకోవాలి, ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

ధర అడిగేటప్పుడు జీఎస్టీ కలిపి చెప్పమనండి, ప్రీఫ్యాబ్ భవనాలకి 18 శాతం, ఐదు లక్షల మీద 90 వేలు. పునాది, రవాణా, క్రేన్, సెప్టిక్ ట్యాంకు కొటేషన్‌లో ఉన్నాయో లేవో చూడండి, సాధారణంగా ఉండవు. ప్లాన్ పర్మిషన్ లేని ఇంటికి బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు కాబట్టి రిటైర్మెంట్ డబ్బులోంచే పెట్టాలి, అందుకే రెండు గదులు కాకుండా ముందు ఒక గది, బాత్‌రూమ్, పెద్ద వరండాతో మొదలుపెట్టండి. పొలంలో మనం ఉండేది వరండాలోనే. పక్కన ఇంకో గది తర్వాత కలుపుకునేలా ఒక గోడని బోల్టులతో బిగించమని చెప్పండి, ప్రీఫ్యాబ్‌లో ఉన్న సుఖం అదే.

ప్రశ్న: భీమిలి దగ్గర సముద్రం కనిపించే చోట మాకు చిన్న స్థలం ఉంది. తుఫాను వస్తే లోపలికి లాక్కుపోవచ్చు కదా అని చక్రాల ఇల్లు అనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?

కాదు. తుఫాను ముందు రోజు వర్షంలో, గాలిలో, అందరూ రోడ్ల మీద ఉన్నప్పుడు ఎత్తయిన పెట్టెని బండికి కట్టి లాగడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది మీ పక్కనే, విశాఖ దగ్గర, చెట్లు, స్తంభాలు పడి రోడ్లు ఎలా మూసుకుపోయాయో ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. భవనాల డిజైన్‌కి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు, హైదరాబాద్‌కి 44 మీటర్లే. అందుకే హైదరాబాద్ కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్‌ని అలాగే భీమిలిలో బిగిస్తే కుదరదు, 50 మీటర్ల గాలికి లెక్క కట్టి స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం పెట్టిన కాగితం అడగండి. కప్పుని గోడకి, గోడని బేస్‌ఫ్రేమ్‌కి, ఫ్రేమ్‌ని పునాదిలో పోసిన బోల్టులకి కలిపే చోట్లే అసలు బలం, ప్యానెల్ మందంలో కాదు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు పెయింట్ వేసిన ఉక్కు తుప్పు పడుతుంది, గాల్వనైజ్ చేసిన ఫ్రేమే తీసుకోండి, స్క్రూలు కూడా. ఇవన్నిటికంటే ముందు మీ స్థలం సముద్రపు పోటు గీత (హై టైడ్ లైన్) నుంచి 500 మీటర్ల లోపు ఉందేమో కొలిపించుకోండి, ఉంటే సముద్రతీరంలో కట్టడాలకి వర్తించే సీఆర్‌జెడ్ నిబంధనల కిందికి వస్తుంది. ఆ కాగితం తేలేదాకా ఏ కంపెనీకీ అడ్వాన్సు ఇవ్వకండి.